చెంగ్డూలో పాండాలు: మూడు రాత్రుల ట్రిప్‌కి దసరా మేలా, సంక్రాంతి మేలా?

తార్నాక_ఫ్యామిలీ:
చైనాలోని చెంగ్డూకి వెళ్లి పిల్లలకు పాండాలను చూపించాలనుకుంటున్నాం. పెద్దవాళ్లం ఇద్దరం, 9, 5 ఏళ్ల పిల్లలు, 66 ఏళ్ల మా అత్తగారు. అక్కడ ఉండేది మూడు రాత్రులే, వేరే ఊళ్లకు వెళ్లం. 2026 దసరా సెలవుల్లో వెళ్లాలా, ఆ తర్వాతి సంక్రాంతికి వెళ్లాలా అన్నది తేలడం లేదు. పాండాల సెంటర్‌కి ఒక పూట సరిపోతుందా? పాండా పిల్లను ఎత్తుకుని ఫొటో దిగొచ్చని ఒక ప్యాకేజీలో రాశారు, నిజమేనా? డబ్బులు ఎలా కట్టాలి? అత్తగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జూపార్క్_రోడ్:
ముందు ఫొటో సంగతి. పాండాను ఎత్తుకోవడం, తాకడం, పక్కన కూర్చుని ఫొటో దిగడం ఇప్పుడు ఎక్కడా లేవు. మనుషుల నుంచి రోగాలు అంటుకుంటాయని ఆపేశారు. ఆ ప్యాకేజీ అమ్మేవాళ్లకు డబ్బు కట్టకండి. పాండాలుండే ఎన్‌క్లోజర్‌లోకి తినేవి, ఇతర వస్తువులు విసిరినందుకు 2024లో చెంగ్డూ పాండా సెంటర్‌ వాళ్లు 12 మంది సందర్శకులను మళ్లీ జీవితంలో లోపలికి రాకుండా నిషేధించారు. పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి: అద్దం కొట్టకూడదు, అరవకూడదు, ఏమీ విసరకూడదు.

మీరు చూడాల్సింది చెంగ్డూ పాండా బ్రీడింగ్ రీసెర్చ్ బేస్. 1987లో అడవి నుంచి కాపాడి తెచ్చిన ఆరు పాండాలతో మొదలైంది. ఊరి నడిబొడ్డు నుంచి ఉత్తరంగా 10 కిలోమీటర్లు ఉంటుంది. ఒక పూట చాలు, కానీ అది తెల్లవారుజాము పూట అయి ఉండాలి. ఎందుకంటే పాండా పేగులు మాంసాహార జంతువుల పేగుల్లాంటివి. తిన్న వెదురులో అరిగేది ఐదో వంతు కూడా ఉండదు. అందుకే రోజుకు 12 నుంచి 38 కిలోల వెదురు తింటుంది, తినడం అయ్యాక కదలకుండా పడుకుంటుంది. ఉదయం తాజా వెదురు వేసే వేళకు మీరు ఎదురుగా ఉంటే తినడం, ఎక్కడం, పిల్లలైతే ఒకదాన్నొకటి తోసుకోవడం అన్నీ కనిపిస్తాయి. పదిన్నర దాటాక వెళ్తే చెట్టు కొమ్మ మీద వేలాడే నల్లటి మూట కనిపిస్తుంది.

ఎండ కూడా చూసుకోవాలి. 26 డిగ్రీలు దాటితే వాటిని ఏసీ గదుల్లోకి మారుస్తారు, అప్పుడు అద్దం వెనక నుంచే చూడాలి, క్యూ కూడా పెరుగుతుంది. మన ఎండాకాలం సెలవులు ఈ పనికి అస్సలు కుదరవు.

దసరాకి ఒకే ప్రమాదం: చైనాలో అక్టోబర్ 1 నుంచి 7 దాకా జాతీయ సెలవులు. 2025లో దసరా అక్టోబర్ 2న రావడంతో రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 2026లో దసరా అక్టోబర్ 20న, కాబట్టి ఆ రద్దీ అయిపోయాకే మీరు వెళ్తారు. వాతావరణం కూడా చల్లగా, హాయిగా ఉంటుంది, సన్నటి వాన మాత్రం పడొచ్చు. పాండాలు జులై, సెప్టెంబర్ మధ్య ఎక్కువగా ఈనుతాయి. పుట్టినప్పుడు పిల్ల వంద గ్రాములే ఉంటుంది. అక్టోబర్‌లో ఆ పిల్లలు నర్సరీలో అద్దం వెనక నిద్రపోతుంటాయి. సంక్రాంతికి వెళ్తే అవే ఐదారు నెలల పిల్లలై పాకుతూ, ఎక్కుతూ ఉంటాయి. చలికాలంలో పాండాలు నిద్రాణ స్థితిలోకి పోవు, చలంటే వాటికి హుషారు. నా ఓటు సంక్రాంతికే. చైనా కొత్త సంవత్సరం 2027లో ఫిబ్రవరి 6న, కాబట్టి జనవరి మధ్యలో ఆ తాకిడి కూడా ఉండదు. కాకపోతే తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీలుంటుంది, సూర్యోదయం ఎనిమిదికి దగ్గర్లో. పెద్దావిడకు చలి పడకపోతే దసరాకే వెళ్లండి.

మెట్రో_పాస్:
టికెట్ 55 యువాన్లు. గేటు దగ్గర కొనుక్కుందాంలే అనుకోకండి, ముందుగా ఆన్‌లైన్‌లో పాస్‌పోర్ట్ నంబర్‌తో తీసుకోవాలి. ఉదయం స్లాట్, మధ్యాహ్నం స్లాట్ అని విడిగా ఉంటాయి. పొరపాటున మధ్యాహ్నం స్లాట్ నొక్కితే పైన చెప్పిందంతా వృథా. పిల్లల పేర్లు కూడా ఎక్కించండి, పాస్‌పోర్ట్‌లో ఉన్న వరసలోనే రాయండి. రెన్యువల్ చేయించి ఉంటే కొత్త నంబరే ఇవ్వాలి. గేటు దగ్గర అసలు పాస్‌పోర్ట్‌లు చూపించాలి, ఫోన్‌లో ఫొటో చాలదు.

బస ఊరి నడిబొడ్డున చున్షీ రోడ్ చుట్టుపక్కల తీసుకోండి. అక్కడి నుంచి మెట్రో 3వ లైన్ మారకుండా పాండా అవెన్యూ స్టేషన్‌కి వెళ్తుంది. స్టేషన్ నుంచి గేటు నడిచేంత దగ్గర కాదు, బస్సు ఎక్కాలి. ఐదుగురు కదా, తెల్లవారుజామున చిన్న పిల్లతో బస్సులు మారడం కంటే డీడీ యాప్‌లో కారు పిలవడం నయం. మామూలు కారులో నలుగురే పడతారు, ఆరు సీట్ల కారు ఎంచుకోండి. గమ్యం దగ్గర దక్షిణ గేటు అని సరిగ్గా పెట్టండి. పడమటి గేటు కొత్తగా విస్తరించిన వైపు ఉంటుంది. నర్సరీలు, పాత ఎన్‌క్లోజర్లు దక్షిణ గేటుకి దగ్గర. గేటు సాధారణంగా 7.30కి తెరుస్తారు, సీజన్‌ని బట్టి వేళ మారుతుంది, టికెట్ పేజీలో చూసుకోండి. తెరవడానికి పావుగంట ముందే అక్కడ ఉండాలి.

లోపల చాలా విశాలం, ఎత్తుపల్లాలు ఎక్కువ. అత్తగారి కోసం 30 యువాన్ల బ్యాటరీ బండి టికెట్ తీసుకోండి. బండి ముఖ్యమైన చోట్లే ఆపుతుంది, తర్వాత నడకే. వెళ్లగానే పిల్ల పాండాలు, తర్వాత ఏడాది రెండేళ్లవి, ఆఖరికి పెద్దవి. ఎర్ర పాండాలను (ఇవి వేరే జాతి చిన్న జంతువులు) చివరికి పెట్టుకోండి. మనుషులు నడిచే దారిలోకి కూడా వచ్చేస్తాయి, చేతిలో తినేది ఏదీ ఉంచుకోవద్దు.

తార్నాక_ఫ్యామిలీ:
చాలా థ్యాంక్సండీ. సంక్రాంతి వైపే మొగ్గుతున్నాం. హువా హువా అనే పాండా కోసమే పెద్దబాబు గొడవ చేస్తున్నాడు. దాన్ని చూడటం కుదురుతుందా? ఫ్లైట్ ఎటు నుంచి తీసుకోవాలి?

జూపార్క్_రోడ్:
హువా హువా 2020 జులైలో పుట్టింది, అక్కడ అందరికన్నా పేరున్నది అదే. దానికి విడిగా క్యూ ఉంటుంది. గంటో రెండు గంటలో నిలబడితే కొన్ని నిమిషాలు చూడనిచ్చి ముందుకు పంపేస్తారు. అన్ని పాండాలూ చురుగ్గా ఉండే వేళంతా ఆ క్యూలోనే పోతుంది. ఐదేళ్ల పాపతో వద్దని చెప్తాను.

మెట్రో_పాస్:
బాబు దాని కోసమే వస్తుంటే పూర్తిగా మానక్కర్లేదండీ. ఇద్దరు పెద్దవాళ్లున్నారు కదా. గేటు తెరవగానే ఒకరు బాబుతో నేరుగా అక్కడికే వెళ్తే క్యూ ఇంకా పొట్టిగానే ఉంటుంది. ఇంకొకరు పాపను, అత్తగారిని నర్సరీ వైపు తీసుకెళ్లాలి. పది గంటలకు ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

శంషాబాద్_గేట్:
హైదరాబాద్ నుంచి చెంగ్డూకి నేరుగా విమానం లేదు. సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్, హాంకాంగ్ మీదుగా వెళ్లాలి. ఒకే బుకింగ్‌లో తీసుకోండి. రెండు విడి టికెట్లు చవగ్గా కనిపిస్తాయి, కానీ మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాల్సి వస్తే ఆ దేశపు ఇమిగ్రేషన్ దాటాలి, దానికి వీసానో ముందస్తు రిజిస్ట్రేషనో అడుగుతారు. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి 2025 అక్టోబర్‌లో విమానాలు మళ్లీ మొదలయ్యాయి, కానీ ఆ దారిలో చైనా లోపల ఇంకో విమానం ఎక్కాలి. అక్కడే చాలామంది పవర్ బ్యాంక్ పోగొట్టుకుంటారు: 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ (చైనా భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు. మన దగ్గర కొన్న వాటిలో చాలావాటికి ఆ గుర్తు ఉండదు.

వీసా తప్పనిసరి. 240 గంటల వీసా లేని ట్రాన్సిట్ అని వీడియోల్లో చెప్పే సౌకర్యం ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వర్తించదు. దరఖాస్తు కేంద్రం హైదరాబాద్‌లో లేదు, పాస్‌పోర్ట్‌లు వేరే నగరానికి వెళ్లి రావాలి. అందుకని నెలన్నర ముందే మొదలుపెట్టండి. చెంగ్డూలో రెండు ఎయిర్‌పోర్ట్‌లున్నాయి, ష్వాంగ్‌ల్యూ ఊరికి దగ్గర, 2021లో తెరిచిన తియాన్‌ఫు బాగా దూరం. తిరుగు ప్రయాణం రోజు టికెట్ మీద ఏది ఉందో చూసి కారు పిలవండి.

డబ్బుల సంగతి: చైనాలో చెల్లింపులకు వాడే అలీపే యాప్ ఇక్కడే వేసుకుని, పాస్‌పోర్ట్ వెరిఫై చేసి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ కార్డు జత చేయండి. రూపే కార్డుతో, యూపీఐతో పని జరగదు. బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయడం మర్చిపోతే కార్డు జత అవుతుంది, చెల్లింపు మాత్రం ఫెయిల్ అవుతుంది. ఒక్కసారి 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. ఓటీపీ ఇండియా నంబర్‌కే వస్తుంది కాబట్టి ఆ సిమ్‌కి రోమింగ్ ఉండాలి. ఇద్దరి ఫోన్లలోనూ వేర్వేరు కార్డులు పెట్టుకోండి, కొంత నగదు కూడా ఉంచుకోండి. వాట్సాప్, గూగుల్ అక్కడి వైఫైలో పనిచేయవు, మన రోమింగ్ డేటాలో సాధారణంగా పనిచేస్తాయి.

కారం_తక్కువ:
తిండి గురించి ఎవరూ రాయలేదు. సిచువాన్‌లో కారం మనకు కొత్త కాదు, నాలుక తిమ్మిరెక్కించే అక్కడి మిరియం కొత్త. పిల్లలు దానికే ఏడుస్తారు. అత్తగారి విషయంలో జాగ్రత్త: హాట్‌పాట్ అంటే మరిగే రసంలో ముక్కలు ఉడికించుకుని తినేది, దాని ఎర్రటి రసం చాలా చోట్ల గొడ్డు కొవ్వుతో చేస్తారు, కూరలు మాత్రమే వేసినా రసం అదే. మాపో టోఫూ అనే సోయా పనీర్ వంటకంలో కైమా వేస్తారు. వేపుడు కూరగాయల్లో పంది కొవ్వు ఉండొచ్చు. నమ్మకంగా తినాలంటే వెన్‌షు బౌద్ధారామంలోని శాకాహార భోజనశాల మంచిది. అక్కడ మాంసంలా కనిపించే వంటకాలు కూడా సోయాతో, పిండితో చేసినవే. మిగతా పూటలకు "మాంసం, చేప, గుడ్డు, జంతువుల కొవ్వు వద్దు" అని చైనీస్‌లో రాసిన వాక్యం ఫోన్‌లో సేవ్ చేసి చూపించండి. పాండా బేస్‌కి పోయే రోజు హోటల్ టిఫిన్ మొదలయ్యేలోపే బయల్దేరాలి, అందుకని ముందు రాత్రే బ్రెడ్డు, అరటిపళ్లు కొని పెట్టుకోండి. ఇక్కడి నుంచి కందిపొడి, అటుకులు, రెడీమేడ్ ఉప్మా ప్యాకెట్లు పట్టుకెళ్లండి. తాజా పళ్లు, పాల పదార్థాలు, మాంసం కస్టమ్స్‌లో తీసేస్తారు, కాబట్టి నెయ్యి సీసా వద్దు. గదిలో కెటిల్ ఉంటుంది, మన మూడు పిన్నుల ప్లగ్ మాత్రం అక్కడి సాకెట్‌లో పట్టదు, అడాప్టర్ కావాలి.

మెట్రో_పాస్:
ఇంకొక్కటి. బేస్‌కి మొదటి పూర్తి రోజే పెట్టుకోండి, ఆఖరి రోజుకు వదలొద్దు. పెద్ద వాన పడినా, పాప నలతపడినా మర్నాటికి ఇంకో స్లాట్ తీసుకునే వీలుంటుంది. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, అక్కడి ఆరు గంటలంటే పిల్లల ఒంటికి తెల్లవారుజాము మూడున్నర. దిగిన రాత్రి త్వరగా పడుకోబెట్టండి. అన్నీ బాగా జరిగితే రెండో రోజు షీపు స్టేషన్ నుంచి రైలెక్కి దుజియాంగ్యాన్ వెళ్లండి, అరగంట ప్రయాణమే. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ కట్టించిన, ఆనకట్ట లేకుండానే నదిని చీల్చే నీటిపారుదల పని ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. మన కాలువలు, చెరువులు చూసి పెరిగిన పెద్దావిడకు అది పాండాలకంటే ఎక్కువ నచ్చవచ్చు. రైలు టికెట్ కూడా పాస్‌పోర్ట్ మీదే. ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్ట్ చదవకపోతే పక్కనే మనిషి ఉన్న వరసలోకి వెళ్లండి.