రీజెన్సీ ప్రేమ నవలల్లో భక్తి: ఆ కాలానిదా, మన కాలానిదా?

పుస్తకప్రియ:
ఇంగ్లండ్ రీజెన్సీ కాలం (1811–1820) నేపథ్యంగా వచ్చే క్రైస్తవ ప్రేమ నవలలంటే నాకు ఇష్టం. కానీ ఒక్క విషయం మింగుడుపడదు. హీరోయిన్ దేవుడితో పక్కింటి స్నేహితురాలితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. డ్యూకుగారికి రాత్రికి రాత్రి దేవుడివైపు మళ్లి మనసు మారిపోతుంది. ఆ రోజుల్లో పెద్దింటివాళ్లకు ఆదివారం చర్చికి వెళ్లడం మర్యాదలో భాగం. అంతకుమించి భక్తి ఒలకబోస్తే ‘మెథడిస్టు’ (ఉద్వేగంగా భక్తి చూపే క్రైస్తవ శాఖవాళ్లు) అని ముఖం చిట్లించేవాళ్లు. ఇప్పటి అమెరికన్ విశ్వాసానికి పాతకాలపు గౌను తొడిగారని నా అభిప్రాయం. మీరేమంటారు?

గోదావరి గట్టు:
నేను ఒప్పుకోనండి. మనసు మారడమన్నది ఆ కాలంలో ఉన్నదే. బానిస వ్యాపారంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ పార్లమెంటు సభ్యుడిగా ఉండగానే, 1785 ప్రాంతంలో, అలా మారాడు. ప్రేమకథలో భక్తి కూడా కొత్త కాదు. రచయిత్రి హానా మోర్ 1808లో ‘సీలెబ్స్ ఇన్ సెర్చ్ ఆఫ్ ఎ వైఫ్’ రాసింది. భక్తిపరుడైన కుర్రాడు తగిన పిల్ల కోసం వెతుక్కునే కథ అది, విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ కాలపు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ సంగతి చూడండి. ఎవాంజెలికల్స్ (మనసు మారడానికి, వ్యక్తిగత భక్తికి పెద్దపీట వేసే క్రైస్తవులు) తనకు నచ్చరని 1809లో అక్కకు రాసింది. 1814కి వచ్చేసరికి, మనందరం అలా ఉండకూడదని మాత్రం అనలేనని మేనకోడలికి రాసింది. ఐదేళ్లలో అంత తెలివైన మనిషే మెత్తబడిందంటే, ఆ గాలి ఎంత బలంగా వీచిందో ఆలోచించండి.

పాత అలమర:
భక్తి ఆ కాలానిదే, సరే. కానీ ఆ భక్తి వాళ్లను దేనిమీద నిలదీసింది? నా బాధంతా అక్కడే. 1807 నాటి బ్రిటన్ చట్టం ఆపింది బానిసల వ్యాపారాన్ని మాత్రమే. కరీబియన్ తోటల్లో బానిసత్వం అలాగే సాగింది, దాన్ని రద్దు చేసే చట్టం 1833లో గానీ రాలేదు. నవలలో హీరో ఎస్టేటు ఆదాయం ఎక్కడినుంచి వస్తోందో ఎవరూ అడగరు. ఆస్టిన్ మాత్రం ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఆ ప్రశ్న అడిగించింది. ఆంటిగ్వాలో ఆస్తి ఉన్న పెదనాన్నను ఆ నవల హీరోయిన్ ఫానీ బానిస వ్యాపారం గురించి అడిగితే గదిలో ఒక్కరూ నోరు మెదపరు. 1791–92లోనే ఎన్నో కుటుంబాలు, బానిసల చేత పండించిందని, వెస్టిండీస్ (కరీబియన్) చక్కెర మానేశాయి. ప్రార్థన ముగించి వచ్చిన హీరోయిన్ టీలో రెండు చెంచాల చక్కెర కలుపుకుంటే నాకు అక్కడే పుస్తకం మూసేయాలనిపిస్తుంది.

పుస్తకప్రియ:
అలమర గారూ, మీ మాట న్యాయమే. కానీ ప్రేమకథలో అదంతా పెడితే పాఠం చెప్పినట్టు ఉండదా?

పాత అలమర:
కథలోనే పెట్టొచ్చండి. హీరోని డ్యూకు కాకుండా క్యూరేట్‌ని, అంటే చర్చిలో సహాయ పాదిరీని, చేయండి. విశ్వాసానికి మూల్యం చెల్లించాల్సింది ఇలాంటివాడే. ఏడాదికి 50 పౌండ్ల చుట్టుపక్కల జీతం, ఉద్యోగం వికార్ (ఊరి చర్చికి ప్రధాన పాదిరీ) దయ. ఆ వికార్‌కి పదవి ఇప్పించింది ఊరి భూస్వామి, ఆ భూస్వామి డబ్బు చక్కెర తోటలది. ఇప్పుడు మన క్యూరేట్ ఆదివారం పల్పిట్ ఎక్కి బానిసత్వం పాపమన్నాడనుకోండి. ఉద్యోగం పోతుంది, ఉద్యోగం లేనివాడికి పిల్లనెవరిస్తారు? పైగా ఆ పిల్లకు 21 నిండకపోతే లైసెన్సు పెళ్లికి (చర్చిలో ముందస్తు ప్రకటన లేకుండా అనుమతి పత్రంతో చేసుకునే పెళ్లికి) తండ్రి అనుమతి తప్పనిసరి. ఆ తండ్రే ఆ భూస్వామి అయితే, ఆ ఆదివారానికి ముందు శనివారం రాత్రి వాడు చేసే ప్రార్థన ఎలా ఉంటుందో రాయమనండి. అది నేను చదువుతాను.