ఒంట్లో పాదరసం

కాసేపు కుదురుగా కూర్చోని పిల్లాణ్ని "వీడు పాదరసం" అంటాం కదా, స్పెయిన్ వాళ్లూ అచ్చం అదే అంటారు. పాదరసాన్ని వాళ్లు 'అథోగే' అంటారు, అల్లరి పిల్లాడూ అథోగేనే. ఇది అరబ్బీ నుంచి వచ్చిన మాట. అక్కడితో ఆగలేదు వాళ్లు. గజగజ వణికేవాణ్ని "అథోగాదోలా వణుకుతున్నాడు" అంటారు. అథోగాదో అంటే పాదరసం ఒంటికి పట్టినవాడు. ఈ రెండోది మన తెలుగులో నేను వినలేదు. మనకు అల్మాదెన్ లాంటి పాదరసం గని ఉన్న ఊరు లేకపోవడమే కారణమని నా అనుమానం.

అల్మాదెన్ సముద్రానికి దూరంగా, స్పెయిన్‌లోని సియుదాద్ రియల్ ప్రాంతంలో ఉంది. పేరే అరబ్బీలో 'గని'. హైదరాబాదు ఉర్దూ తెలిసినవాళ్లకు 'మాదన్' గుర్తొస్తుంది, అదే ఇది. రోమన్లు ఇక్కడి ఇంగిలీకాన్ని, అంటే పాదరసం ఉండే ఎర్రటి ఖనిజాన్ని, రంగు కోసం పట్టుకెళ్లారు. దాన్ని కాల్చి ఆవిరిని చల్లారిస్తే పాదరసం. 1550లలో మెక్సికోలో పాదరసం కలిపి వెండి తీసే పద్ధతి వచ్చింది. దాంతో ఈ ఊరి సరుకు లేనిదే అక్కడి వెండి లేదన్నంత పని అయింది. స్పెయిన్ రాజులు అప్పులకింద గనిని ఫుగ్గర్లనే జర్మన్ షావుకార్లకు గుత్తకిచ్చారు. కూలీలు చాలక ఖైదీలనూ బానిసలనూ దింపారు. ఆవిరి పీల్చినవాళ్లకు చేతులు వణికేవి, పళ్లు ఊడేవి.

వ్యాఖ్య: మరి మన దగ్గరా పాదరసంతో బంగారు పూత పూసేవారు కదండీ? వాళ్లకు వణుకు రాలేదా?

జవాబు: మంచి ప్రశ్నండి. వచ్చే ఉంటుంది. స్పెయిన్‌లోనూ పూత పనివాళ్లకు వచ్చేది, కాబట్టి ఆ నానుడి అల్మాదెన్‌లోనే పుట్టిందని అననులెండి. కానీ ఊళ్లో ఒకరిద్దరు వణకడం వేరు, ఊరు ఊరంతా అదే పని మీద బతకడం వేరు. గని కార్మికుల కోసమే 18వ శతాబ్దంలో ప్రత్యేకంగా ఆసుపత్రి కట్టారక్కడ.

వ్యాఖ్య: గని ఇంకా నడుస్తోందా?

జవాబు: లేదండి, మూతపడి చాలా ఏళ్లయింది. 2011లో ఐరోపా సమాఖ్య పాదరసం ఎగుమతినే నిషేధించింది. 2012లో స్లొవేనియాలోని ఇద్రియాతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని గనిలోకి దిగుతున్నారు జనం.