జాజ్ బేస్‌లో హమ్: పికప్పులు మార్చాలా, వైరింగ్ సరిచేస్తే చాలా?

నాలుగుతీగలు (గుంటూరు)
అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది చవక రకం జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ డిజైన్‌లో చేసిన బేస్ గిటార్). రెండు సింగిల్ కాయిల్ పికప్పులు (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే, ఒకే కాయిల్ చుట్టిన అయస్కాంతాలు), రెండు వాల్యూమ్ నాబ్‌లు, ఒక టోన్. బ్యాటరీ లేదు, పూర్తిగా పాసివ్. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజుల్లో పిలిస్తే పెళ్లి రిసెప్షన్లలో వాయిస్తాను. రెండు చోట్లా బేస్ యాంప్ ఉండదు, కేబుల్ నేరుగా మిక్సర్‌కే.

నా బాధలు రెండు. బ్రిడ్జ్ (తీగల అడుగు చివర) వైపు పికప్ ఒక్కటే తెరిస్తే గుయ్‌మని హమ్. ఏది తెరిచినా సౌండ్ మూసుకుపోయినట్టు ఉంటుంది, స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి) వాయిస్తే అసలు తెలియదు. పికప్పులు మార్చేద్దామని ఉంది. మా కీబోర్డ్ అన్న మాత్రం "డబ్బులు తగలెయ్యకు, ముందు వైరింగ్ చూడు" అంటున్నాడు. పికప్పులు కొంటే మామూలు సింగిల్ కాయిలా, హమ్ రాని రకమా, బ్యాటరీ యాక్టివ్ సెట్టా? పెట్టగలిగింది ఒక్కసారే, అందుకే అడుగుతున్నా.

రాగితీగ
మీ అన్న మాట సగం నిజం. కొనే ముందు ఇవి చూడండి, ఖర్చు లేదు.

రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరవండి. హమ్ దాదాపు పోయిందా? జాజ్ బేస్‌లో ఒక పికప్‌కు కాయిల్ చుట్టిన దిశ, అయస్కాంత ధ్రువం రెండూ రెండో దానికి వ్యతిరేకంగా ఉంటాయి. అందుకే రెండూ సమానంగా తెరిస్తే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగల సిగ్నల్ మాత్రం కలుస్తుంది. ఒకదాన్ని కాస్త తగ్గించినా హమ్ మళ్లీ మొదలు. ఇది లోపం కాదు, ఆ డిజైన్ స్వభావం.

తర్వాత ఒక్క పికప్ మాత్రమే తెరిచి, తీగలు ముట్టుకోండి. శబ్దం తగ్గితే అది ఎలక్ట్రిక్ ఫీల్డ్ వల్ల వచ్చే బజ్, లోపల రాగి టేప్‌తో షీల్డింగ్ చేస్తే బాగా తగ్గుతుంది. ముట్టుకున్నా తేడా లేకుండా, మీరు నిలబడిన చోటే తిరుగుతుంటే పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్. దాన్ని రాగి టేప్ ఆపలేదు.

ఇక మూసుకుపోయిన సౌండ్. మిక్సర్‌లో ఏ సాకెట్‌కు పెడుతున్నారు? లైన్ ఇన్‌పుటా?

నాలుగుతీగలు
అవును, లైన్ ఇన్. హై-జెడ్ (గిటార్‌ను నేరుగా పెట్టుకోవడానికి ఉండే) బటన్ లాంటిదేమీ లేదు. ముట్టుకుంటే సగం తగ్గుతోంది, మిగతా సగం నేను పక్కకు తిరిగితే తగ్గుతోంది. రెండూ తెరిస్తే బాగానే ఉంది.

రాగితీగ
అయితే మీ రెండో బాధకు పికప్పులతో సంబంధం తక్కువ. లైన్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) సాధారణంగా 10, 20 కిలోఓమ్‌ల దగ్గర ఉంటుంది. పాసివ్ బేస్‌కు 1 మెగాఓమ్ ప్రాంతంలో కావాలి. పికప్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే 7, 8 కిలోఓమ్‌లు చూపిస్తుంది కదా అని మోసపోవద్దు, అది డీసీ లెక్క. 3 హెన్రీల ఇండక్టెన్స్ ఉన్న కాయిల్ 1000 హెర్ట్జ్ దగ్గరే దాదాపు 19 కిలోఓమ్‌ల అడ్డు చూపిస్తుంది, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఇంకా పెరుగుతుంది. అలాంటి దానికి 10 కిలోఓమ్‌ల భారం తగిలిస్తే పై స్వరాలన్నీ అక్కడే చచ్చిపోతాయి. ప్రపంచంలోకెల్లా ఖరీదైన పాసివ్ పికప్ పెట్టినా ఆ సాకెట్‌లో అంతే. ఒక యాక్టివ్ డీఐ బాక్స్ (బేస్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టి ఇంపిడెన్స్ కుదిర్చే పెట్టె) ఎవరి దగ్గరైనా అడిగి పెట్టి చూడండి.

పీబేస్‌పార్టీ (విశాఖ)
రాగితీగ గారు చెప్పింది రెండో సమస్యకు సరిగ్గా సరిపోయింది. మొదటిదానికి మాత్రం "డిజైన్ స్వభావం, భరించు" అన్నట్టుంది. ఎందుకు భరించాలి? లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను సింగిల్ కాయిల్‌తోనే తెచ్చాడు, 1957కల్లా దాన్ని రెండు ముక్కల స్ప్లిట్ కాయిల్‌గా మార్చాడు. ఒక ముక్క రెండు తీగలకు, రెండోది మిగతా రెంటికి, రెండూ సిరీస్‌లో. హమ్ పోయింది. అమెరికా మోటౌన్ రికార్డు కంపెనీ స్టూడియోలో బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ వాయించింది 1962 ప్రెసిషన్, ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలతో. ఆ సౌండ్‌లో ఏదో తక్కువైందని ఎవరైనా అన్నారా?

జాజ్ సైజులో కూడా అదే సూత్రం పైన చేసినవి దొరుకుతాయి. డిమార్జియో మోడల్ జె అలాంటిదే. రిసెప్షన్ హాల్లో ఎల్ఈడీ వాల్, లైట్ల డిమ్మర్లు, పక్కనే జనరేటర్. అక్కడికి సింగిల్ కాయిల్ పట్టుకెళ్లడం కోరి తెచ్చుకున్న టెన్షన్. ఒక్క జాగ్రత్త: పేరు చూసి కొనొద్దు. సీమోర్ డంకన్ క్వార్టర్ పౌండ్ జాజ్ పికప్ అవుట్‌పుట్‌లో గట్టిదే, కానీ సింగిల్ కాయిలే. హమ్ కోసం అది కొంటే డబ్బు పోయి హమ్ మిగులుతుంది.

పాతకాయిల్
ప్రెసిషన్ బేస్ గొప్పదే, ఎవరూ కాదనలేదు. అడిగింది జాజ్ బేస్ గురించి. బేసిస్ట్ జాకో పాస్టోరియస్ ఫ్రెట్‌లు లేని 1962 జాజ్ బేస్‌లో బ్రిడ్జ్ పికప్‌ను ముందు పెట్టి తీసిన ఆ ముక్కుతో పలికినట్టుండే మిడ్స్ (మధ్య స్వరాలు) సింగిల్ కాయిల్‌వి. హమ్ రానివి రెండు రకాలు. స్టాక్ రకంలో కింద ఇంకో కాయిల్ ఉంటుంది, అది తీగను పెద్దగా వినదు కానీ సర్క్యూట్‌లో తన ఇండక్టెన్స్ కలుపుతుంది, అందుకని పై స్వరాల తీరు మారుతుంది. స్ప్లిట్ రకంలో ఒక్కో తీగను సగం కాయిలే వింటుంది. చెవికి తేడా తెలుస్తుంది. హమ్ పాట మధ్య ఖాళీల్లో వినిపిస్తుంది, టోన్ పాటంతా వినిపిస్తుంది. ఖాళీల్లో వాల్యూమ్ తగ్గించుకుంటే పోయేదానికి టోన్ ఎందుకు వదులుకోవాలి?

పీబేస్‌పార్టీ
ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో తెలుస్తుందేమో. డ్రమ్స్, రెండు కీబోర్డులు, నలుగురు గాయకులు ఉన్న చోట వాళ్ల పాస్టర్ గారికి తెలిసేది హమ్ ఒక్కటే. ప్రార్థన మొదలవగానే గుయ్ మంటే అందరూ తిరిగి చూసేది బేస్ వాడినే.

యాక్టివ్‌ఎడిసన్ (న్యూజెర్సీ)
మీ ఇద్దరూ జాజ్, ప్రెసిషన్ అని కొట్టుకుంటూ అతని పరిస్థితి మరిచిపోయారు. యాంప్ లేదు, నేరుగా లైన్ ఇన్. అతనికి కావలసింది యాక్టివ్. ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్‌లో ప్రీయాంప్ (సిగ్నల్‌ను బలపరిచే చిన్న సర్క్యూట్) లోపలే ఉంటుంది, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ తక్కువ. లైన్ ఇన్‌పుట్‌ను సులువుగా నడిపిస్తుంది, పొడుగు కేబుల్ వేసినా ట్రెబుల్ పోదు, హమ్ కూడా దాదాపు ఉండదు. రెండు జబ్బులకూ ఒకే మందు. మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే 1976లోనే బేస్‌లో ప్రీయాంప్ పెట్టి అమ్మింది, బేసిస్ట్ మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్‌లో ప్రీయాంప్ పెట్టించుకున్నాడు. ఇదేం నిన్నటి ఫ్యాషన్ కాదు.

వైరింగ్‌లో గుర్తుంచుకోవాల్సినవి: ఈఎంజీకి 25కె (25 కిలోఓమ్‌ల) పాట్‌లు, అంటే నాబ్ కింద తిరిగే రెసిస్టర్లు, అవి సెట్‌తోనే వస్తాయి. పాత 250కె పాట్‌లు ఉంచేస్తే నాబ్ సరిగ్గా పనిచేయదు. జాక్ స్టీరియోది పెట్టాలి, కేబుల్ గుచ్చితేనే బ్యాటరీ ఆన్ అయ్యేలా. బ్రిడ్జ్ నుంచి వచ్చే ఎర్త్ వైర్ కనెక్ట్ చేయనక్కర్లేదని కంపెనీయే చెబుతుంది, షీల్డింగ్ పికప్ లోపలే ఉంటుంది కాబట్టి.

రాగితీగ
ఎడిసన్ వాదన బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ 9 వోల్టుల బ్యాటరీకి బేస్‌లో చోటు కావాలి. మామూలు జాజ్ బేస్ కంట్రోల్ ప్లేట్ కింద మూడు పాట్‌లు, జాక్ పోగా మిగిలే చోటు చాలా ఇరుకు. చెక్క తొలవాల్సి రావచ్చు. అదే ప్రీయాంప్ పనిని బయట ఒక డీఐ పెట్టె చేస్తే గిటార్‌ను ముట్టుకోనక్కర్లేదు, రేపు ఇంకో బేస్ కొన్నా పనికొస్తుంది. పైగా రిసెప్షన్ మధ్యలో బ్యాటరీ అయిపోతే సౌండ్ పగిలిపోయి, చివరకు పూర్తిగా పోతుంది. వాయించాక కేబుల్ పీకడం మరిచిపోతే వాయించనప్పుడు కూడా బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది.

యాక్టివ్‌ఎడిసన్
కేబుల్ పీకడం కూడా కష్టమేనా అండీ! చోటు గురించి మాత్రం మీరన్నది నిజం. కొలిచి చూసుకోవాలి.

కోఠీ250కె (హైదరాబాద్)
ఎవరూ పాట్‌ల దగ్గర ఆగడం లేదు, నేను ఆగుతాను. చవక బేస్ విప్పితే తరచుగా కనిపించేది బి500కె అని రాసి ఉన్న చిన్న పాట్‌లు. బి అంటే లీనియర్ (తిప్పినంత సమానంగా మారేది), ఎ అంటే ఆడియో టేపర్ (చెవికి సమానంగా అనిపించేలా మారేది). జాజ్ బేస్‌కు అలవాటైన విలువ ఎ250కె. రెండు వాల్యూమ్‌లు, టోన్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు మూడు 250కెలూ ప్యారలల్‌లో పడి పికప్పులకు దాదాపు 83 కిలోఓమ్‌ల భారం ఇస్తాయి. జాజ్ బేస్ సౌండ్ అనుకునేదాంట్లో ఈ భారం కూడా భాగమే. 500కె పెడితే కాస్త పదునుగా ఉంటుంది, కొందరికి అదే ఇష్టం. టోన్ కెపాసిటర్ మీద 473 అని ఉంటే 0.047 మైక్రోఫారడ్, అది చాలు. 104 అని ఉంటే 0.1, టోన్ తగ్గించినప్పుడు మరీ బొంగురు.

కోఠీ గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు, సోల్డర్, ష్రింక్ ట్యూబ్ అన్నీ దొరుకుతాయి. పాట్ కొనేటప్పుడు పాతది పట్టుకెళ్లండి. మెడ లావైన పాట్ చవక బేస్ ప్లేట్ కంతలో దూరదు, షాఫ్ట్ తేడా ఉంటే పాత నాబ్ కూర్చోదు. పాట్ వెనక సోల్డర్ చేసేటప్పుడు ముందు ఇసుక కాగితంతో గీకండి. 25 వాట్ల ఐరన్‌తో అక్కడ వేడి చాలక గంటసేపు కాలుస్తారు, లోపలి ట్రాక్ పాడవుతుంది. కాస్త పెద్ద ఐరన్ పెట్టి త్వరగా తీసేయాలి.

ఇంకొకటి. జాజ్ బేస్‌లో పికప్ సిగ్నల్ (హాట్) వైరు పాట్ మధ్య కాలుకు, అవుట్‌పుట్ పక్క కాలు నుంచి వెళ్తుంది. ఇది తిరగేస్తే ఒక వాల్యూమ్ సున్నా చేయగానే రెండో పికప్ కూడా మూగబోతుంది. "కొత్త పికప్ చనిపోయింది" అని నా దగ్గరికి వచ్చే బేస్‌లలో ఎక్కువ భాగం ఇదే.

నాలుగుతీగలు
అందరికీ థాంక్స్. మా బ్యాండ్ మాస్టర్ దగ్గర డీఐ బాక్స్ తెచ్చి పెట్టాను. రాగితీగ గారూ, మూత తీసినట్టయింది! స్లాప్ కూడా తెలుస్తోంది. అంటే మిగిలింది హమ్ ఒక్కటే. రాగి టేప్ వేస్తాను, సరే. నేను ఎక్కువ వాడేది బ్రిడ్జ్ పికప్. అదొక్కటే హమ్ రానిది కొని, నెక్ (మెడ వైపు) పికప్ పాతదే ఉంచితే?

పీబేస్‌పార్టీ
ఒక్కటే కొంటావా తమ్ముడూ? రెండూ కొను. కొత్తది ఒంటరిగా ఉంటే హమ్ ఉండదు. రెండూ తెరిచావనుకో, పాత దానికి జోడీ కాయిల్ లేదు కాబట్టి ఇప్పటిదాకా లేని హమ్ అక్కడ మొదలవుతుంది.

పాతకాయిల్
ఈ ఒక్క మాటలో పీబేస్‌పార్టీతో ఏకీభవిస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

రాగితీగ
ఒక్కటే కొనాలనుకుంటే ఫేజ్ (రెండు పికప్పుల సిగ్నళ్లు ఒకే దిశలో కదులుతున్నాయా లేదా) కూడా చూడాలి. వేరే కంపెనీది పక్కన పెట్టినప్పుడు రెండూ తెరవగానే సౌండ్ సన్నగా, కింది స్వరాలు లేకుండా వస్తే ఫేజ్ ఎదురెదురుగా ఉన్నట్టు. ఒకదాని రెండు వైర్లు తారుమారు చేస్తే సరిపోతుంది. ఇదే మాట మామూలు సింగిల్ కాయిల్ ఒక్కటే మార్చేవాళ్లకు కూడా, కానీ అక్కడ ఒక మెలిక ఉంది. వైర్లు మార్చితే సిగ్నల్ కలుస్తుంది, హమ్ సంగతి ధ్రువాల మీద ఆధారపడుతుంది. పిల్లల దిక్సూచి ఒకటి రెండు పికప్పుల మీద పెట్టి చూడండి. ముల్లు ఒకదాని మీద ఒక వైపు, రెండోదాని మీద ఎదురు వైపు తిరిగితే, వైర్లు సరిచేశాక హమ్ కూడా పోతుంది. రెంటి మీదా ఒకే వైపు తిరిగితే వైర్లు ఎలా మార్చినా సిగ్నల్ కలవడం, హమ్ పోవడం రెండూ ఒకేసారి కుదరవు.

సైజు కూడా కొలవండి. అసలు కొలతల్లో నెక్ పికప్ దాదాపు 92 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్‌ది 95. చవక బేస్‌లలో రెండూ ఒకే సైజు ఉండటం మామూలే.

నాలుగుతీగలు
ఒకటే సైజు, రెండూ 92. కొలిచాను. ఇంకో డౌట్. రిసెప్షన్లలో మైక్‌కు పెదవి తగిలితే చిన్న షాక్ కొడుతోంది. బేస్ లోపల ఎర్త్ వైర్ కట్ చేసేస్తే పోతుందని ఒకరు చెప్పారు.

కోఠీ250కె
దయచేసి ఆ పని చేయొద్దు. పాసివ్ బేస్‌లో అది తీస్తే బజ్ పెరుగుతుంది, అసలు సమస్య అలాగే ఉంటుంది. ఆ షాక్ గిటార్‌ది కాదు, హాల్ కరెంటుది. మిక్సర్, యాంప్‌లు వేర్వేరు బోర్డుల నుంచి తీసుకున్నా, మూడో పిన్నుకు ఎర్త్ లేకపోయినా ఇలా వస్తుంది. సౌండ్ వాళ్లతో టెస్టర్ పెట్టించండి, ఎర్త్ లేకపోతే వాయించకండి. ఇందులో చర్చకు చోటు లేదు.

యాక్టివ్‌ఎడిసన్
నూటికి నూరు శాతం. ఈ విషయంలో ఏ పార్టీ లేదు.

నాలుగుతీగలు
సరే, ఈ ఆదివారానికి రాగి టేప్, ఎ250కె పాట్‌లు. వచ్చే నెల హమ్ రాని జాజ్ సెట్, రెండూ 92 సైజులో దొరికితే. పాతకాయిల్ గారూ, క్షమించాలి!

పాతకాయిల్
నీ చెవి, నీ ఇష్టం. తీసేసిన పాత పికప్పులు అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం నాకు మెసేజ్ పెట్టు. అయస్కాంతాలు ఆల్నికో రకమా?

నాలుగుతీగలు
ఇప్పుడే విప్పి చూశాను. పైన ఇనప మేకుల్లాంటి పోల్స్, అడుగున నల్లటి బార్ మాగ్నెట్ అంటించి ఉంది.

పాతకాయిల్
సిరామిక్. ఉంచుకో తమ్ముడూ, నాకొద్దు.