పని మీద మూడు రోజులు హైదరాబాద్: ఖాళీ దొరికేది శుక్రవారమే, ఏం చూడాలి, ఎక్కడ భోంచేయాలి?

ప్రశ్న (విశాఖ వాసి)

నమస్కారం. వచ్చే నెలలో మా కంపెనీ తరఫున హైటెక్స్‌లో ఒక ప్రదర్శనకు వస్తున్నాను. బుధ, గురువారాలు ఉదయం నుంచి సాయంత్రం ఆరింటి వరకు స్టాలు వదిలి కదలడానికి వీలుండదు. శుక్రవారం పూర్తిగా ఖాళీ. రాత్రికి సికింద్రాబాద్‌లో రైలెక్కాలి. బస మాదాపూర్‌లో. ఇదివరకు నాలుగైదు సార్లు హైదరాబాద్ వచ్చాను గానీ మీటింగు గది, హోటల్ గది, విమానాశ్రయం తప్ప మరేదీ చూసిన పాపాన పోలేదు. అందుకే ఈసారి శుక్రవారం పొద్దున్నే బయల్దేరి సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, చార్మినార్ చూసి, మంచి బిర్యానీ తిని రైలెక్కాలని ఆలోచన.

నాతో మా మేనేజరు గారు కూడా వస్తున్నారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, శుద్ధ శాకాహారి, పైగా మోకాళ్ల నొప్పి. ఆయన్ని గదిలో వదిలేసి నేనొక్కణ్ణే తిరగడం బాగుండదు. ఈ ఆలోచన సరైనదేనా? బుధ, గురువారాల సాయంత్రం మాదాపూర్ చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లవచ్చో కూడా చెప్పగలరు.

జవాబు (పాతబస్తీ పాఠకుడు)

మీ ఆలోచనలో ఒకటే చిక్కు ఉంది, కానీ అది చిన్నది కాదు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లాకూ వారపు సెలవు శుక్రవారమే. కుతుబ్‌షాహీ సమాధులు, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం కూడా ఆ రోజే మూసి ఉంటాయి. మ్యూజియాలకు సోమవారం సెలవని అలవాటుపడినవారు ఇక్కడికొచ్చి మూసిన గేటు ముందు నిలబడి ఫోనులో వెతుక్కోవడం మేము తరచుగా చూసే దృశ్యమే. చార్మినార్, గోల్కొండ మాత్రం శుక్రవారమూ తెరిచే ఉంటాయి. అయితే ఆ మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజు ఉంటుంది కాబట్టి, పన్నెండు నుంచి రెండున్నర దాకా చార్మినార్ పరిసరాల్లో విపరీతమైన రద్దీ ఉంటుంది. మూడు దాటాక వస్తే మీకూ హాయి, ప్రార్థనకు వచ్చినవారికీ ఇబ్బంది ఉండదు.

శుక్రవారం గోల్కొండకు వెళ్లమని సులువుగా చెప్పేయవచ్చు. ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బారాదరీ అనే మంటపంలో వినిపించే ఏర్పాటు, కంచర్ల గోపన్నను బంధించారని చెప్పే చెరసాల, 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి ముట్టడించిన గోడలు, అన్నీ చూడదగ్గవే. కానీ పైదాకా వందల మెట్లు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని ఆ కొండెక్కించి, రాత్రి రైల్లో పై బెర్తు ఇస్తే ఆయన మిమ్మల్ని జన్మలో క్షమించరు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, వీలైతే రావడమే ఒక రోజు ముందుకు జరుపుకోండి. సోమవారం రాత్రి రైలెక్కితే మంగళవారం పొద్దున్నే దిగుతారు. ఆ రోజు పది గంటలకల్లా సాలార్‌జంగ్‌లో ఉండండి. లోపల అన్నీ చూడాలని పెట్టుకోకండి. రెండు రోజులైనా చాలవు. 1876లో నిజాం ప్రధాని మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర కాసేపు నిలబడండి. ఆ ముసుగూ పాలరాయేనని తెలిసి కూడా, కాస్త గాలి వీస్తే తొలగుతుందేమో అనిపిస్తుంది. పన్నెండింటికి పది నిమిషాల ముందు మాత్రం గడియారం దగ్గరకు చేరండి. దాని ఎదుట కుర్చీలు వేసి ఉంటాయి, మేనేజరు గారికి విశ్రాంతి కూడా. గంట కొట్టే వేళకు గడియారంలోని చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికొస్తుంది. వేళ తప్పకుండా గంట మోగించి మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. మిగతా వేళల కంటే పన్నెండింటికే జనం ఎక్కువ, ఎందుకంటే అప్పుడు పన్నెండు దెబ్బలు!

జవాబు (మాదాపూర్ ఉద్యోగిని)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను గానీ, దూరం సంగతి కూడా చెప్పాలి. మాదాపూర్ నుంచి చార్మినార్‌కు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన క్లయింటును సాయంత్రం నాలుగున్నరకు కారులో చార్మినార్‌కు బయల్దేరదీశాను. మెహిదీపట్నం దాటేసరికే ఐదున్నర. చార్మినార్ లోపలికి వెళ్లే వేళ అప్పటికే ముగిసిపోయింది. ఆయన పాపం ఏమీ అనలేదు, నేనే సిగ్గుపడ్డాను. అప్పటి నుంచి నేను ఎవరినైనా మెట్రోలోనే తీసుకువెళ్తున్నాను. హైటెక్ సిటీలో నీలం లైను ఎక్కి, అమీర్‌పేటలో ఎర్ర లైనుకు మారి, ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్)లో దిగండి. అక్కడి నుంచి సాలార్‌జంగ్‌కు ఆటోలో కొద్ది దూరమే. అమీర్‌పేటలో మారేటప్పుడు లిఫ్టు ఉంటుంది కాబట్టి మేనేజరు గారికి ఇబ్బంది ఉండదు.

ఇక బుధ, గురువారాల సాయంత్రం పాతబస్తీ వైపు ఆశ పెట్టుకోకండి. ప్రదర్శన ముగిసే ఆరింటికి ఈ ప్రాంతంలోని కార్యాలయాలన్నీ ఒకేసారి రోడ్డు మీదికి వస్తాయి. ఒక సాయంత్రం శిల్పారామంలో నడవండి. చేనేత దుకాణాలుంటాయి, నేల చదును. మరో సాయంత్రం 2020లో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన మీద దీపాలు చూడండి. భోజనానికి మీరు రాగి సంకటి, నాటుకోడి పులుసు దొరికే రాయలసీమ హోటల్ వెతుక్కోవచ్చు గానీ, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే చట్నీస్ వంటి శాకాహార హోటలే నయం. ఇడ్లీ ఆర్డరిస్తే పళ్లెంలో ఇడ్లీల కంటే చట్నీలే ఎక్కువ కనిపిస్తాయి.

జవాబు (నారాయణగూడ నుంచి)

బిర్యానీ గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి? హోటల్ పేరు చెప్పి తగువు తెచ్చుకోను, ఎందుకంటే ఈ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఒక పేరు ఉంటుంది, అన్నదమ్ముల మధ్య కూడా కుదరదు. కానీ వేళ ముఖ్యమని మాత్రం గట్టిగా చెబుతాను. ఇక్కడి కచ్చీ బిర్యానీలో మసాలా, పెరుగు పట్టించిన పచ్చి మాంసం మీదే సగం ఉడికిన బియ్యం పరిచి, హండీ మూతకు పిండి పూసి, దమ్ మీద పెడతారు. మధ్యాహ్నం హండీ మూత అప్పుడే తీసినప్పటి వాసన, రాత్రి పదకొండింటికి అడుగు గీకి వడ్డించినప్పుడు ఉండదు. ఒక ప్లేటు చాలా చోట్ల ఇద్దరికి సరిపోతుంది కాబట్టి ముందే అడిగి చెప్పండి.

శుక్రవారం మీ దారి ఇలా ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. ఉదయం బిర్లా మందిరం చూసి, మధ్యాహ్నం మూడింటికి ఎంజీబీఎస్‌లో దిగి ఆటోలో చార్మినార్ చేరండి. 1591లో కట్టిన ఆ మినార్లను మేనేజరు గారు ఎక్కనక్కరలేదు. పక్కనే నిమ్రా కేఫ్‌లో నిలబడి ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుంటూ కింది నుంచే తృప్తిగా చూడవచ్చు. బిస్కెట్టును రెండు లెక్కపెట్టేలోపు తీసేయమనండి, లేకపోతే కప్పులోనే కరిగిపోతుంది. లాడ్ బజార్‌లో కాసేపు ఆగండి. లక్కను వేడి మీద మెత్తబరిచి, గాజుగా చుట్టి, చల్లారేలోపే ఒక్కొక్క రాయిని చేత్తో పొదిగే పని కొన్ని దుకాణాల్లో మీ ఎదుటే జరుగుతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటికి ఇంతకంటే మంచి కానుక నాకు తెలియదు. కొలతకు ఒక గాజు జేబులో తెచ్చుకోండి.

సాయంత్రం ఎంజీబీఎస్‌లోనే పచ్చ లైను ఎక్కితే సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగి రైలు స్టేషనుకు వెళ్లిపోవచ్చు. బిర్యానీ మిగిలిపోయిందనిపిస్తే దారిలోనే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషను ఉంది.

విశాఖ వాసి

అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం సెలవు సంగతి ఇక్కడ అడగకపోతే మేమూ ఆ గేటు ముందే నిలబడేవాళ్లం. మేనేజరు గారితో మాట్లాడాను. స్టాలు సర్దడం ఎలాగూ మంగళవారం సాయంత్రమే కాబట్టి, సోమవారం రాత్రి బయల్దేరడానికి ఒప్పుకున్నారు. కంపెనీ ఒక రోజు గది అద్దె అదనంగా ఇస్తుందో లేదో ఇంకా తేలలేదు. ఇవ్వకపోతే ఇద్దరం పంచుకుంటాం. మంగళవారం మ్యూజియం, కుదిరితే చౌమహల్లా. శుక్రవారం మీరు చెప్పిన దారి. గోల్కొండ ఈసారికి వదిలేస్తున్నాం. ఒక్క సందేహం: శాకాహారికి మధ్యాహ్నం పాతబస్తీలో తినదగ్గది ఏదైనా ఉంటుందా?

జవాబు (పాతబస్తీ పాఠకుడు)

నిక్షేపంగా ఉంటుంది. గుల్జార్ హౌజ్ దగ్గర వెన్న దోసె బండ్లు ఉదయంపూటే తప్ప మధ్యాహ్నానికి నమ్మదగ్గవి కావు. నెమ్మదిగా కూర్చుని తినాలంటే ఆబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్‌కు వెళ్లండి. బగారా బైంగన్ ఎక్కడ కనిపించినా వదలవద్దని చెప్పండి. పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరిన చింతపండు పులుసులో వంకాయ అది, మాంసం తినేవాళ్లం కూడా పోటీ పడతాం. తీపికి ఖుబానీ కా మీఠా. మా ఊళ్లో చాలామంది దాన్ని ‘ఖుర్బానీ’ అంటారు, ఆ మాటకు బలి అని అర్థం, ఆ పేరు విని ఆయన కంగారుపడనక్కరలేదు. ఖుబానీ అంటే ఆప్రికాట్ పండే. పైన క్రీము బదులు కస్టర్డ్ పోసిస్తే మాత్రం అందులో గుడ్డు వేశారేమో ముందే అడగండి.