ప్రహరీ గోడ మీద అల్యూమినియం పోస్టులు: నేరుగా సిమెంటులో పాతొచ్చా?

ప్రశ్న (భీమిలి నుంచి):
ఇంటికి సముద్రం దగ్గర. తొమ్మిదంగుళాల ప్రహరీ పైన కాంక్రీటు బెల్టు (ఇనుప కమ్మీలు వేసి పోసిన పట్టీ) ఉంది. దాని మీద 50 మి.మీ. చదరపు అల్యూమినియం పైపులు 14 నిలబెట్టాలి. 100 మి.మీ. వెడల్పు గుండ్రని రంధ్రాలు కోసి (కోర్ కటింగ్), 150 మి.మీ. లోతున దించి మోర్టార్ పోస్తామంటున్నారు. పౌడర్ కోటింగ్ ఉంది కదా, వేరే పూత అక్కర్లేదంటున్నాడు ఫ్యాబ్రికేటర్. నమ్మొచ్చా?

జవాబు 1:
ఒప్పుకోకండి. అల్యూమినియాన్ని కాపాడే ఆక్సైడ్ పొర పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 4 నుంచి 8.5 మధ్యే నిలుస్తుంది. పచ్చి సిమెంటుది 12 దాటుతుంది. పొర కరిగి హైడ్రోజన్ బుడగలు వస్తాయి, పోస్టు చుట్టూ మోర్టార్ గుల్లబారుతుంది. ఆనోడైజింగ్ (కరెంటుతో ఆక్సైడ్ పొరను మందం చేయడం) కూడా ఈ క్షారానికి ఆగదు. కాంక్రీటు గట్టిపడి పొడిగా ఉండే చోట ఈ తినడం చాలావరకు తగ్గిపోతుంది. మీ దగ్గర అలా కాదు: ఉప్పు, తేమ ఎప్పుడూ ఉంటాయి. తుప్పు అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి బెల్టునే పగలగొడుతుంది.

పౌడర్ కోటింగ్ మంచిదే కానీ కోసిన అంచు బోడిగా ఉంటుంది, దించేటప్పుడు గీతలు పడతాయి. అందుకే పాతే భాగాన్ని థిన్నర్‌తో తుడిచి, 220 నంబరు కాగితంతో రుద్ది, బోడి లోహానికి ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే మొదటి పూత) వేసి, బిటుమెన్ (తారు) పెయింట్ రెండు కోట్లు పూయండి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. పైపు లోపలా, అడుగు అంచుకీ తగలాలి. డబ్బాలో ముంచి తీయడమే సులువు. మోర్టార్ మట్టం కంటే 25 మి.మీ. పైదాకా రావాలి.

జవాబు 2:
పూత ఒక్కటే చాలదండీ. కోర్ కోసినప్పుడు బెల్టు కమ్మీ బయటపడితే పోస్టు దానికి తగలకూడదు. ఇనుము తగిలితే అల్యూమినియం ముందు పోతుంది. కనీసం 20 మి.మీ. ఎడం ఉంచండి. త్వరగా గట్టిపడాలని క్లోరైడ్ ఉన్న యాక్సిలరేటర్ కలపనివ్వకండి. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అసలు వద్దు. నాన్-ష్రింక్ సిమెంటు గ్రౌట్ (గట్టిపడ్డాక కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం) వాడి, పైభాగం పోస్టు నుంచి బయటికి వాలుగా తీర్చండి.

అన్నిటికంటే ముందు దెబ్బతినేది గ్రౌట్ పైన, నీళ్లు నిలిచే గీత దగ్గర. అక్కడ పాలీయురెథేన్ సీలెంట్ గానీ, న్యూట్రల్ సిలికాన్ గానీ పెట్టండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. పైపు లోపల కూడా అదే మట్టం దాకా గ్రౌట్ నింపి, దాని పైనే 6 మి.మీ. రంధ్రం వేస్తే లోపల చేరిన నీరు బయటికి పోతుంది. పైన క్యాప్ తప్పనిసరి.

అడిగినవారు:
పాతకుండా బేస్ ప్లేటుతో (పోస్టు అడుగున అతికిన పలకతో) బిగిస్తే?

జవాబు 2:
క్షారం బెడద తగ్గుతుంది. ప్లేటు కింద 3 మి.మీ. ఈపీడీఎం రబ్బరు, బోల్టులకు నైలాన్ బుష్‌లు, వాషర్లు పెట్టి 316 స్టెయిన్‌లెస్‌తో బిగించాలి. తొమ్మిదంగుళాల గోడకు అంచు దగ్గరవుతుంది, ఎక్స్‌పాన్షన్ యాంకర్ (బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకునే బోల్టు) బిగిస్తే పగులుతుంది. కెమికల్ యాంకర్ (రంధ్రంలో రెజిన్ జిగురుతో నిలిపే బోల్టు) వేయించండి. బెల్టు లేకుండా ఉత్త ఇటుక మీదైతే గాలికి నిలవదు.