డిస్ట్రాయ్ అంటే ప్రతిచోటా నాశనమేనా?

అనువాదాల అమ్మాయి:
ఇంగ్లండ్ గుర్రప్పందాల వార్త ఒకటి తెలుగు చేస్తున్నాను. పరుగులో కాలు విరిగిన గుర్రాన్ని 'డిస్ట్రాయ్ చేశారు' అని ఉంది. 'ధ్వంసం చేశారు' అని రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. గుర్రమేమన్నా గోడా? మీకెవరికైనా ఇలాంటిది తగిలిందా?

పశువుల డాక్టరు:
బ్రిటిష్ వాళ్ల వాడుకే అది. ఇక బతికించలేని జంతువుని ఎక్కువ బాధపడకుండా చంపేయడం. మన దగ్గర బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కాగితాల్లో కోళ్లను చంపేయడానికి 'కల్లింగ్' అనీ, వాటి గుడ్లకూ మేతకూ 'డిస్ట్రక్షన్' అనీ రాస్తాం.

డాలస్ బాబాయ్:
ఇక్కడికి వచ్చిన కొత్తలో వంటింట్లో కుళాయి పాడైతే, ఇంటి ఓనరుకు 'ట్యాప్ ఈజ్ డిస్ట్రాయ్డ్' అని మెసేజ్ పెట్టాను. పావుగంటలో పరిగెత్తుకొచ్చాడు, ఇల్లు మునిగిందనుకుని! చూస్తే చుక్క చుక్క కారుతోందంతే. వాషర్ మార్చి వెళ్లాడు. 'పాడైంది'కి 'బ్రోకెన్' చాలు. బాగుచేయడానికి ఏమన్నా మిగిలుంటే అది డిస్ట్రాయ్ కాదు.

పాత ఫైలు:
మా ఆఫీసులో దీనికి రివర్స్ జరిగింది. పాత ఫైళ్లు డిస్ట్రాయ్ చేయమని పైనుంచి మెయిల్. కొత్త కుర్రాడు 'తీసేయమన్నారు' అనుకుని, పాత పేపర్లు కొనేవాడికి కిలోల లెక్కన అమ్మేశాడు. వారం తర్వాత బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకుంటే, పొట్లం మీద నూనె మరకల కింద మా కస్టమర్ సంతకం, ఫోన్ నంబరుతో సహా. బజ్జీ గొంతు దిగితే ఒట్టు. ఇప్పుడు కాగితాలు ముక్కలు చేసే ష్రెడర్‌లో వేసి, ఇద్దరు సంతకాలు పెట్టాలి. ఆఫీసు భాషలో డిస్ట్రాయ్ అంటే మళ్లీ ఎవరూ చదవలేకుండా చేయడం.

ఇంగ్లీషు టీచర్:
లాటిన్‌లో 'స్ట్రుయెరె' అంటే పేర్చడం, కట్టడం. 'స్ట్రక్చర్' కూడా అందులోంచి వచ్చిందే. ముందున్న 'డి' దాన్ని తిరగేస్తుంది. అయినా క్లాసులో నేను ఇదంతా ఎత్తను. మనకు గ్లాసు పగులుతుంది, కర్ర విరుగుతుంది, దారం తెగుతుంది, గోడ కూలుతుంది. ముందు వస్తువేదో చూసుకుని తెలుగు క్రియ వెతుక్కోండమ్మా, ఇంగ్లీషు మాట పట్టుకుని వేలాడితే గుర్రం గోడే అవుతుంది.

అనువాదాల అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. 'కాలు విరగడంతో గుర్రాన్ని చంపేయాల్సి వచ్చింది' అని రాసి పంపేశాను. పాత ఫైలు గారూ, ఇంతకీ ఆ పొట్లం కాగితం ఏం చేశారు?

పాత ఫైలు:
ఇంటికి తెచ్చి అగ్గిపుల్ల గీశాను. బూడిదయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.