సాఫ్ట్‌వేర్ వదిలి నీటి పనుల వైపు రావచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది దివిసీమ. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకచోట కదిలిస్తే ఇంకెక్కడ ఏం మారుతుందో చూడటం చిన్నప్పటి నుంచీ నాకో పిచ్చి. లాకుల దగ్గర లస్కరు తలుపు కాస్త ఎత్తితే, శివారు పొలాలకు నీళ్లు ఎప్పటికి చేరతాయో లెక్కగట్టేవాణ్ణి. పైవాళ్లు రాత్రిపూట తూము తెరిచారా, లెక్కంతా తారుమారు! సర్వర్లలో తప్పులు పట్టడానికీ ఆ అలవాటే పనికొచ్చింది.

ఇప్పుడు ఇక్కడి చెరువుల మీద పడ్డాను. బెళ్లందూరు చెరువు నిండితే నీరు వర్తూరుకు, అక్కణ్ణుంచి దక్షిణ పినాకిని నదికి పోతుంది. మధ్యలో రాజకాలువ (వాననీరు పోయే పెద్ద కాలువ) పూడుకుపోతే ఎవరి ఇళ్లు మునుగుతాయో ఒక్క పెద్ద వానకే తెలిసిపోతుంది (మా సందు కూడా ఆ లిస్టులోదే లెండి). 1950ల్లో ఎంఐటీలో జే ఫారెస్టర్ మొదలుపెట్టిన సిస్టమ్ డైనమిక్స్ గురించి చదువుతున్నాను. ఒక వ్యవస్థలో ఒకటి మారితే మిగతావి కాలంతోపాటు ఎలా మారతాయో లెక్కగట్టే పద్ధతి అది.

వయసు నలభై, ఇంటి లోను నడుస్తోంది. ఐఐఎస్‌సీ, ఏట్రీ (పర్యావరణ పరిశోధన సంస్థ) లాంటి చోట్ల సివిల్ డిగ్రీ లేనివాణ్ణి ఇలాంటి పనికి తీసుకుంటారా? ఎంటెక్ తప్పదా, ఉద్యోగం చేసుకుంటూ ఎన్‌పీటెల్‌లో (ఆన్‌లైన్ పాఠాలు) హైడ్రాలజీ, అంటే నీటి శాస్త్రం, చదివితే సరిపోతుందా? ఈ దారిలో వెళ్లినవాళ్లుంటే జీతం ఎంత తగ్గిందో కూడా దాచకుండా చెప్పండి. మా ఆవిడ మొదట అడిగేది అదే.